కిప్తాలం పాదమూ, సాగనంపే మర్యాదా

ఆ ఉదయం జెమ్తాయ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మొగుణ్ణి సోఫాలో కూర్చోబెట్టాలి, ఆరు వారాల తరవాత లేపాలి. మధ్యలో తన పని తాను చేసుకోవాలి. కూర్చోవడానికి సరుకు అక్కర్లేదు, కూలీ అక్కర్లేదు, వాన పడితే ఆగిపోదు. కొండమీది ఇటెన్ ఊరి సంతలో పాత పరుగు బూట్లు అమ్మి సంసారం లాక్కొస్తున్న మనిషికి ఇంత సులువైన బేరం ఇంతకుముందు తగల్లేదు. అనుమానించాల్సింది అక్కడే.

ఆమె మొగుడు కిప్తాలం పరుగు మనిషి. గెలిచేవాడు కాదు, గెలిపించేవాడు. దూరదేశాల మారథాన్లలో ముప్పై కిలోమీటర్ల దాకా అందరికంటే ముందు పరిగెత్తి, వెనక వచ్చే గొప్పవాళ్ళకు వేగం అందించి, ఆ తరవాత పక్కకు తప్పుకోవడం అతని ఉద్యోగం. అక్టోబరులో జర్మనీలో ఒక పందేనికి పిలుపు వచ్చింది. ఆ వెంటనే ఎడమ పాదం బయటి అంచున, చిటికెన వేలి వెనకాల ఎముక పగిలింది. పడలేదు, దేనికీ తగల్లేదు. పరిగెత్తీ పరిగెత్తీ ఎముకే ఇక నావల్ల కాదంది.

డాక్టర్ సుగుట్ ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "ఇప్పటికి ఇది గీత మాత్రమే. పాదాన్ని కదలనివ్వని ఈ పట్టీల బూటు వేసుకుని, చంకకర్రల మీద ఉండి, పాదం నేలకు మోపకుండా కూర్చుంటే దానంతట అదే అతుక్కుంటుంది. మోపావంటే గీత కాస్తా రెండు ముక్కలవుతుంది. అప్పుడిక కోసి స్క్రూ బిగించడమే. అక్టోబరు మాట మరిచిపోవచ్చు."

"కూర్చుంటాను డాక్టర్."

"పరుగువాళ్ళంతా ఇదే మాట చెప్పి, గేటు దాటకుండానే కుంటుకుంటూ పరిగెత్తుతారు. అందుకే నీకు కాదు, మీ ఆవిడకు చెప్తున్నాను."

జెమ్తాయ్ ఆ మాటను అప్పగింత సరుకులా పుచ్చుకుంది. సోఫా పక్కన ఫ్లాస్కు నిండా టీ పెట్టింది. ఉగాలి, అదే మొక్కజొన్న ముద్ద, గిన్నెలో పెట్టింది, రేడియో పెట్టింది, పాదం కింద రెండు దిండ్లు పెట్టింది.

"దాహమేస్తే ఇది. ఆకలేస్తే ఇది. ఇంక లేవాల్సిన పనుందా?"

"లేదు."

"మళ్ళీ చెప్పు."

"లేదన్నానుగా. వెళ్ళు, నీ బేరాలు పోతాయి."

మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చేసరికి దిండ్లు ఉన్నాయి, పాదం లేదు. వాకిట్లోకి వచ్చి చూస్తే, కిందనుంచి చంకకర్రల మీద ఎగురుకుంటూ కిప్తాలం మెట్ట ఎక్కి వస్తున్నాడు. బూటు నిండా ఎర్రదుమ్ము. ముఖం మాత్రం కొండంత సంతోషంగా ఉంది.

"ఎక్కడికెళ్ళావ్?"

"ఎక్కడికీ లేదు. చెసెరెక్ పెద్దాయన నన్ను చూడ్డానికొచ్చారు. పాలు తెచ్చారు."

"ఆయనొస్తే నువ్వెందుకెళ్ళావ్?"

"ఆయన వెళ్ళేటప్పుడు వెళ్ళాను. రోడ్డు దాకా. ఆ మాత్రానికే."

"ఇంతసేపా?"

కిప్తాలం కాసేపు ఆలోచించి నిజం చెప్పేశాడు. "రోడ్డు దాకా వెళ్ళాక, ఈ కాలుతో నిన్ను ఒంటరిగా ఎలా పంపుతానని ఆయన నన్ను మళ్ళీ గేటు దాకా తీసుకొచ్చారు. అంత పెద్దమనిషి నాకోసం వెనక్కి నడిచొస్తే గేటు దగ్గర వదిలేస్తే ఏం బాగుంటుంది? సగం దాకా దిగబెట్టి వచ్చాను."

"పాదం మోపావా?"

"మోపలేదు."

"నిజం చెప్పు."

"దిగేటప్పుడు ఒకసారి. ఎక్కేటప్పుడు గుర్తులేదు."

జెమ్తాయ్‌కి కోపం వచ్చింది గాని, ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తోచలేదు. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే వదిలేయడం అక్కడి పద్ధతి కాదు. ఈడువాణ్ణి గేటు దాకా సాగనంపాలి. పెద్దవాళ్ళను రోడ్డు దాకా సాగనంపాలి. వియ్యాలవారైతే మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నడవాలి. ఇక చాలు, వెనక్కి వెళ్ళు అని వచ్చినవాళ్ళే అనాలి, ఆ మాటా వెంటనే అనకూడదు. సోఫాలో కూర్చుని చెయ్యి ఊపి పంపించినవాడికి కాలే విరిగిందో, తలే తిరిగిందో అని ఊరు చర్చిస్తుంది. డాక్టర్ సుగుట్ కాగితం మీద చాలా రాశాడు గాని, ఈ సంగతి రాయలేదు.

"రేపటినుంచి ఎవరొచ్చినా నువ్వు కదలకు. నీ బదులు నేను సాగనంపుతా," అంది జెమ్తాయ్.

"నువ్వా? దుకాణమో?"

"పక్క దుకాణం రెబెకా వీలున్నంతసేపు చూసుకుంటుంది. పగిలిన పాదమూ, మూసిన దుకాణమూ రెండూ నష్టమే. దుకాణాన్ని మళ్ళీ తెరుచుకోవచ్చు."

లెక్క బాగానే కుదిరిందనుకుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు ఒక సీసా పాలు తెస్తారు, ఆ పాలతోనే పెట్టిన టీ తాగి వెళ్తారు, అక్కడికి చెల్లు. చెల్లు కానిది దారి. జెమ్తాయ్ మాటకారి. బూట్లు అమ్మే మనిషి నోరు మూసుకుని నడవలేదు. సాగనంపుతూ దారి పొడవునా పాదం కథంతా చెప్పేది, ఎముక ఎక్కడ పగిలిందో అరచేతి మీద గీసి చూపించేది. ఎదురొచ్చినవాళ్ళు ఆగి "ఎవరికమ్మా, ఏమైంది?" అనేవారు. మర్నాడు వాళ్ళొచ్చేవారు. వాళ్ళను సాగనంపుతుంటే ఇంకో ఇద్దరు ఎదురయ్యేవారు. ఒకరిని పంపడానికి వెళ్ళి ఇద్దరిని పిలుచుకొస్తున్నానని ఆమెకు అర్థమయ్యేసరికి గొడ్డలి గుర్తు టీపొడి కొట్టులో అయిపోయింది.

వీళ్ళందరిలోకి ఆమెకు కంటగింపుగా ఉన్నవాడు బివోట్. కిప్తాలంతో పాటే సాధన చేసేవాడు, పిలుపు వచ్చినప్పుడు రెండో పేరుగా ఉన్నవాడు. కిప్తాలం వెళ్ళలేకపోతే జర్మనీకి వెళ్ళేది అతనే. పొద్దున్నే పరుగు ముగించుకుని, చెమట ఆరకముందే వచ్చి సోఫా ఎదురుగా కూర్చునేవాడు.

"అన్నా, నొప్పి తగ్గిందా?"

"తగ్గిందిరా."

"మరీ త్వరగా తగ్గినా మంచిది కాదంటారు."

"ఎవరంటారు?" అనేది జెమ్తాయ్ వంటింట్లోంచి.

"ఊరికే అంటారు వదినా."

బివోట్ ఈడువాడు. గేటు దాకా చాలు. జెమ్తాయ్ మాత్రం అతన్ని రోడ్డు దాకా, కొన్నిసార్లు రోడ్డు దాటి చెక్కమిల్లు దాకా సాగనంపేది. అది మర్యాద కాదు, వెళ్ళాడో లేదో ఖాయం చేసుకోవడం. అతను కుర్రవాడు, అడుగు పెద్దది. అతనితో సమానంగా నడవాలంటే ఆమె దాదాపు పరిగెత్తాల్సి వచ్చేది.

రెండో వారం చివర ఆమె ఇంకో ఎత్తు వేసింది. ఇంట్లో లేని మనిషిని ఎవరూ చూడ్డానికి రారు, రానివాళ్ళను సాగనంపనక్కర్లేదు. కిప్తాలంని వంటింటి వెనక గదిలో బంగాళాదుంపల బస్తాల మధ్య కూర్చోబెట్టి తలుపు వేసింది. గేటు దగ్గరికి చెసెరెక్ పెద్దాయన రాగానే ఎదురెళ్ళింది.

"ఆయన లేడు పెద్దాయనా. పొద్దున్నే ఎల్డొరెట్ వెళ్ళాడు."

పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని కాసేపు నేల చూశాడు. "ధైర్యంగా ఉండమ్మా," అని మాత్రం అన్నాడు. ఆ రోజు సాగనంపనివ్వలేదు కూడా. జెమ్తాయ్ చాలా సంతోషించింది. ఎల్డొరెట్‌లో కూరగాయల సంతా ఉంది, బ్యాంకులూ ఉన్నాయి, బట్టల కొట్లూ ఉన్నాయి. అయితే పగిలిన కాలున్నవాడు తెల్లవారకుండా ఎల్డొరెట్ వెళ్ళాడంటే, ఆ చుట్టుపక్కల ఎవరికైనా ఒకటే అర్థం: పెద్దాసుపత్రి.

రెండు రోజులు గేటు చప్పుడు కాలేదు. మూడోరోజు, సంతకు వెళ్దామని ఆమె బూట్ల మూట కట్టుకుంటుండగా లోయలోంచి మామిడిపళ్ళ లారీ ఒకటి రొప్పుకుంటూ ఎక్కి వచ్చి గేటు ముందు ఆగింది. అందులో మామిడిపళ్ళు లేవు. దారిలో ఎక్కిన ఊరి చర్చి ఆడవాళ్ళున్నారు, పాస్టర్ కిమొసోప్ గారున్నారు, అందరికంటే ముందు డ్రైవరు పక్కన, లోయలో ఉండే ఆమె అత్తగారు తాప్లెలే ఉంది. ఆవిడ దిగుతూనే ఏడుపు మొదలుపెట్టింది. వెనకాల ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. అది చావింట్లో పాడే పాట.

"అత్తయ్యా, ఏమైంది? ఎవరు పోయారు?"

"ఇంకా నన్నడుగుతావా? నా బిడ్డ కాలు తీయించేసి నాకొక మాట చెప్పలేదేం?"

"కాలెవరు తీయించారు?"

"ఎల్డొరెట్‌లో తీశారంట కదా. లోయంతా తెలుసు. మోకాలి పైకి తీశారని ఒకరు, కిందికని ఒకరు. ఆ కాలు ఎక్కడుందే? ఆసుపత్రివాళ్ళకు వదిలేశావా? మన నేలలో పాతిపెట్టాలని తెలీదా నీకు?"

"కాలు మనిషికే ఉంది అత్తయ్యా."

"నాతో అబద్ధాలాడకు. ఇంత దూరం ఏడుస్తూ వచ్చాను."

పాస్టరుగారు చెయ్యి ఎత్తేసరికి పాట ఆగింది. ఒక కాలు తీసుకున్న దేవుడు రెండోది ఉంచాడు కాబట్టి కృతజ్ఞత చెప్పుకోవాలని ఆయన మొదలుపెట్టారు. పరుగు మనిషికి ఇది పరీక్ష అన్నారు. ఇక కిప్తాలం కూర్చుని చేసుకునే పని ఏదైనా చూడాలన్నారు. చర్చి గంట కొట్టే ఉద్యోగం ఖాళీగా ఉందని కూడా అన్నారు. జెమ్తాయ్ మధ్యలో మాట చెప్పబోయింది, ముగ్గురు ఆడవాళ్ళు ఆమెను గుండెలకు హత్తుకుని ఏడవడంతో ఆ మాట వాళ్ళ ఉన్ని శాలువాల్లో కలిసిపోయింది.

వంటింటి వెనక ఇంకా బంగాళాదుంపల మధ్యే కూర్చున్న కిప్తాలం ఇదంతా వింటూనే ఉన్నాడు. పాస్టరుగారి మాటలు ఓర్చుకున్నాడు, చర్చి గంట ఉద్యోగమూ ఓర్చుకున్నాడు. తల్లి ఏడుపు మాత్రం ఓర్చుకోలేకపోయాడు. తలుపు తెరుచుకుంది. చంకకర్రల మీద అతను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

అందరి చూపులూ కిందికి వెళ్ళాయి. ఒక కాలు, ఇంకో కాలు.

అందరికంటే ముందు తేరుకున్నది పాస్టరుగారు. "చూశారా?" అన్నారు మెల్లగా. "కోసిన కాలు."

"ఎవరూ కొయ్యలేదు పాస్టరుగారూ," అంది జెమ్తాయ్.

"అదే కదమ్మా అద్భుతం."

పాట మళ్ళీ మొదలైంది, ఈసారి వేరే పాట. తాప్లెలే కొడుకుని లోపల సోఫాలో కూర్చోబెట్టి, పాదాన్ని బూటుతో సహా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీ మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది. వెళ్ళే వేళకు కిప్తాలం కళ్ళు తుడుచుకుని లేచాడు. "పదండి, లారీ దాకా వస్తాను."

"కూర్చో," అంది జెమ్తాయ్.

"ఇంతమంది వస్తే కూర్చుని పంపమంటావా?"

"మర్యాదగా లేచి నిలబడాలి మరి," అంది తాప్లెలే. "నువ్వేం పెళ్ళానివే, వాణ్ణి రాయిలా కూర్చోబెడతావు?"

జెమ్తాయ్ మొగుడి రెండు చంకకర్రలూ లాగేసుకుని భుజాన వేసుకుంది. కర్రలు లేని మనిషి బస్తాలా సోఫాలో పడ్డాడు. ఆమె ఆ కర్రలు భుజాన పెట్టుకునే చర్చి ఆడవాళ్ళందరినీ లారీ దాకా, లారీ కదలడానికి మొరాయిస్తే తారురోడ్డు ఎత్తు దాకా, అక్కడినుంచి దిగి నడుస్తానన్న పాస్టరుగారి వెంట పాస్టరుగారి ఇంటి దాకా సాగనంపింది. ఆయన ఇక చాలమ్మా అనలేదు. ఆయన ఎవరితోనూ అనరు.

ఆ రోజు నుంచి కథ ఆమె చెయ్యి దాటిపోయింది. రోగిని చూడ్డానికొచ్చేవాళ్ళు ఒక టీ తాగి లేస్తారు. అద్భుతాన్ని చూడ్డానికొచ్చేవాళ్ళు పాదం చూస్తారు, బూటు విప్పమంటారు, మళ్ళీ కట్టమంటారు, తమ నడుము నొప్పి సంగతి చెప్తారు, భోజనం వేళకు, ఇక్కడే ఉండిపోయిన అత్తగారి పక్కన సర్దుకుంటారు. అవతలి కొండల నుంచి కూడా వచ్చారు. దూరంనుంచి వచ్చినవాళ్ళను దూరం దాకానే సాగనంపాలి. జెమ్తాయ్ ఎక్కడికెళ్ళినా చంకకర్రలు వెంట తీసుకెళ్ళేది. దారిలో జనం జాలిపడి "నీ కాలికేమైందమ్మా?" అని అడిగేవారు.

"నా కాళ్ళు బాగానే ఉన్నాయి," అనేది ఆమె, పళ్ళు బిగించి.

అప్పటికే బాగా లేవు. కుడి పాదం పైన, వేళ్ళకు వెనకగా, ఒకచోట పోటు మొదలైంది. రబ్బరు చెప్పుల పట్టీ గుచ్చుకుంటోంది అనుకుంది. సంతలో ఆమె దగ్గర మెత్తటి అడుగులున్న పరుగు బూట్లు వరసగా వేలాడుతుండేవి. అవి అమ్మే సరుకు, తొడుక్కోవడానికి కాదు. పొద్దున లేవగానే తగ్గినట్టుండేది, మొదటి అతిథి గేటు దాటేసరికి మళ్ళీ పొడిచేది. పోటు గురించి ఎవరికైనా చెబితే దాన్నీ చూడ్డానికొస్తారని నోరు మూసుకుంది.

చివరికి ఆరు వారాలు నిండి ఎక్స్‌రే రోజు వచ్చింది. ఆ రోజు పొద్దున్నే బివోట్ మోటారు బండి తెచ్చాడు.

"అన్నని నేను తీసుకెళ్తా వదినా. బండి మీద ఇద్దరికే చోటు."

"అంత ఆత్రంగా ఉందా, ఏమైందో తెలుసుకోవాలని?"

బివోట్ మొట్టమొదటిసారి తల ఎత్తి ఆమెను సూటిగా చూశాడు. "ఆత్రంగానే ఉంది. అన్న కాలు అతకకపోతే నేను వెళ్ళాలి. ముప్పై కిలోమీటర్లు ఆ వేగంతో ముందు పరిగెత్తడం నావల్ల కాదు వదినా. టీవీలో అందరూ చూస్తుండగా వెనకబడతాను. రోజూ దేవుడికి మొక్కుకుని మరీ వస్తున్నా, అన్న పాదం చూసుకుపోదామని."

జెమ్తాయ్‌కి చెక్కమిల్లు దాకా నడిచిన నడకలన్నీ ఒక్కసారి పాదంలో పొడిచాయి. బండి ముందు వెళ్ళింది, ఆమె వెనక నడిచి వెళ్ళింది.

డాక్టర్ సుగుట్ కిప్తాలం పాదాన్ని బొటనవేలితో నొక్కాడు. కిప్తాలం కదల్లేదు. కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"అతికింది. చక్కగా అతికింది. కోయనక్కర్లేదు. ఒక పరుగు మనిషి చెప్పినట్టు విని కూర్చోవడం నేను చూడ్డం ఇదే మొదలు."

"నేను విన్లేదు డాక్టర్," అన్నాడు కిప్తాలం. "మా ఆవిడ కర్రలు ఇవ్వలేదు."

"రేపే పరిగెత్తకూడదు. ముందు చదును నేల మీద నడక. రోజూ కొంచెం. నొప్పి లేకపోతే వారం వారం దూరం పెంచుకుంటూ పో. ఆ తరవాత మెల్లగా పరుగు. తొందరపడకపోతే అక్టోబరు అందుతుంది."

గోడకు ఆనుకుని నిలబడ్డ బివోట్ ముఖం మీద చేతులు కప్పుకుని కూర్చుండిపోయాడు. జెమ్తాయ్ ఊపిరి పీల్చుకుని, సంచీ తీసుకుని, తలుపు వైపు నాలుగడుగులు వేసింది.

"ఆగమ్మా," అన్నాడు డాక్టరు. "ఎప్పట్నుంచి కుంటుతున్నావ్?"

"కుంటడమేం లేదు. చెప్పు గుచ్చుకుంటోంది."

"చెప్పు విప్పు."

ఆయన పాదం పైన ఒకచోట వేలు పెట్టాడంతే, ఆమె గోడకు వేలాడే క్యాలెండరు పట్టుకుని కిందికి లాగేసింది. కాసేపట్లో ఇంకో ఎక్స్‌రే కిటికీకి ఎక్కింది. ఇది కుడి పాదం, మధ్య ఎముక. సన్నటి గీత, దాని చుట్టూ తెల్లగా కొత్త ఎముక.

"నువ్వు రోజూ ఎంత పరిగెత్తుతావు?"

"నేనా? నేను బూట్లు అమ్ముకుంటాను."

"నడకైనా ఉందా?"

"అబ్బే. ఇంటికొచ్చినవాళ్ళను సాగనంపడమే."

డాక్టరు కిప్తాలం వైపు చూశాడు. కిప్తాలం పైకప్పు చూస్తున్నాడు.

"అలవాటు లేని నడక ఒక్కసారిగా మీద పడితే ఎముక ఇలాగే పగులుతుంది. ఎందుకు నడిచావన్నది దానికి అనవసరం," అన్నాడు డాక్టరు. "అదృష్టం, ఇది త్వరగా అతికే చోటు. స్క్రూ మాటే లేదు. బూటు వేసుకుని కూర్చో. మెట్ట ఎక్కడం, దిగడం బంద్."

ఆయన ఒంగి, ఏ కాలికైనా పట్టే ఆ బూటుని కిప్తాలం కాలినుంచి విప్పి, పట్టీలు బిగించి జెమ్తాయ్ కుడికాలికి తొడిగాడు. చంకకర్రలు ఆమె భుజాన ఉండనే ఉన్నాయి.

బివోట్ ఈసారి ఆమెను బండి ఎక్కించుకుని దిగబెట్టాడు. కిప్తాలం వెనకాల చదును దారి చూసుకుంటూ నడిచొచ్చాడు. ఇంటికొచ్చేసరికి వాకిట్లో చెసెరెక్ పెద్దాయన, ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. తాప్లెలే వాళ్ళకు టీ పోస్తూ, కోడలి కాలికి బూటు చూసి కెటిల్ కింద పెట్టేసింది.

"ఇప్పుడు నీకేమొచ్చిందే?"

"మీవాడికొచ్చిందే అత్తయ్యా. ఆ కాలినుంచి ఈ కాలికొచ్చింది."

దిండ్లు సోఫా మీదకు వచ్చాయి. దిండ్ల మీదకు ఆమె పాదం వచ్చింది. అయ్యో అన్నవాళ్ళందరూ రెండో కప్పు తాగారు. పొద్దు వాలుతుండగా చెసెరెక్ పెద్దాయన చేతికర్ర తీసుకుని లేచాడు. కిప్తాలం తటాలున లేచి నిలబడ్డాడు. జెమ్తాయ్ అలవాటు చొప్పున నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. చదును నేల మీద నడక, రోజూ కొంచెం, వారం వారం దూరం పెంచుతూ అని డాక్టరు చెప్పిన మాటల్ని ఒకసారి లోపలే తూకం వేసుకుంది.

"గేటు దాటి, నేల చదునుగా ఉన్న ఆ పళ్ళ చెట్ల దాకా," అంది మొగుడితో. "ఆయన వెనక్కి దిగబెడతానంటే ఒప్పుకోకు. రేపు ఇంకొంచెం దూరంవాళ్ళొస్తారు."

అత్తగారు లోయలో చుట్టాలకు కబురు చెప్పడానికి ఫోను తీస్తుంటే, వాళ్ళను సాగనంపేటంత దూరం నడక మొగుడికి నాలుగోవారంలో గాని పనికిరాదని జెమ్తాయ్ ఆ ఫోను తన దిండు కింద పెట్టుకుంది.